జరిమానా కట్టిన కేసును అటెస్టేషన్ ఫారంలో రాయాలా?

ప్రశ్న: మా అబ్బాయి 2023లో, డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. కోర్టులో తప్పు ఒప్పుకొని, రెండు వేలు జరిమానా కట్టాడు. కేసు అంతటితో పోయిందనుకున్నాం. ఇప్పుడు ఎస్సై ఉద్యోగానికి సిద్ధమవుతున్నాడు. అభ్యర్థి తన పూర్వాపరాలు రాసి ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో ఆ సంగతి రాయవద్దని తెలిసినవారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: తప్పకుండా రాయమని చెప్పండి. ఎందుకో తెలియాలంటే ఆ రోజు కోర్టులో జరిగిందేమిటో ముందు చూడాలి.

పెట్టీ కేసులు, అంటే చిన్న నేరాల కేసులు, పిలిచే రోజున మేజిస్ట్రేట్ కోర్టు వరండా నిండా ఇలాంటి కుర్రవాళ్లే ఉంటారు. పేరు పిలవగానే లోపలికి వెళ్లి, నేరం ఒప్పుకుంటున్నారా అని అడిగితే "ఒప్పుకుంటున్నాను సార్" అని, జరిమానా కట్టి, రసీదు జేబులో పెట్టుకొని బయటికి వస్తారు. నిందితుడు ఒప్పుకున్న మాటలను వీలైనంతవరకు అతని మాటల్లోనే నమోదు చేయాలని, ఆ తర్వాత కూడా శిక్షించడం మేజిస్ట్రేట్ విచక్షణకే వదిలేయాలని అప్పటి నేర విచారణ చట్టమైన సీఆర్‌పీసీ 252వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన నేటి బీఎన్‌ఎస్‌ఎస్ 275వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. అయితే "ఒప్పుకుంటే ఫైన్‌తో పోతుంది, లేకపోతే వాయిదాలకు తిరగాలి" అని పక్కనున్నవారు చెప్పే మాట సగమే నిజం. ఆ ఒప్పుకోలుతో పడిన జరిమానా కూడా నేరం రుజువై పడిన శిక్షే అన్న మిగతా సగాన్ని పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

రాజీ సంగతి వేరు. చట్టం అనుమతించిన నేరాల్లో ఇరుపక్షాలు రాజీపడితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. డ్రంక్ అండ్ డ్రైవ్ అలా రాజీకి వీలున్న నేరం కాదు. తానే ఒప్పుకున్నాడు కనుక నేరనిర్ధారణ మీద ఇప్పుడు అప్పీలుకూ దారి లేదు; శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో మాత్రమే అప్పీలు చేసుకోవచ్చు.

ఇక ఫారం విషయానికి వద్దాం. కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారంలో అరెస్టు అయ్యారా, ప్రాసిక్యూషన్ (కోర్టులో నేర విచారణ) జరిగిందా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడుగుతారు. జరిమానా కదా, శిక్ష కాదులే అనుకొని తప్పించుకునే వీలు అక్కడ లేదు. పోలీసు ఉద్యోగానికి పూర్వాపరాలను విచారించేది కూడా పోలీసులే. ఉద్యోగ ఫారంలో కేసుల సంగతి దాచడంపై వచ్చిన అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న నేరాన్ని దాచినా ఉద్యోగం ఇచ్చేవారు క్షమించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం లేదు. అందువల్ల రాస్తే ఎస్సై ఉద్యోగం ఖాయమని నేను మాట ఇవ్వలేను. కానీ రాసినప్పుడు అధికారులు తూచేది ఒక పాత చిన్న తప్పును. దాచి దొరికితే తూచేది మీ అబ్బాయి నిజాయితీని. ఈ రెండోదాన్ని పోలీసు శాఖ తేలిగ్గా తీసుకోదు.

ఇప్పుడే ఆ రసీదు వెతికించండి. దాని మీద ఉన్న కేసు నంబరుతో అదే కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి, తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) తీసుకోండి. రసీదు పోయి ఉంటే కేసు పెట్టిన పోలీసు స్టేషన్‌లో నంబరు అడగండి. ఫారంలో కోర్టు పేరు, కేసు నంబరు, సెక్షన్, తీర్పు తేదీ, కట్టిన జరిమానా ఆ కాపీలో ఉన్నట్టే రాసి, కాపీని జతచేయమనండి. రాత పరీక్షకు చదవడం మాత్రం ఒక్కరోజు కూడా ఆపవద్దని చెప్పండి.