పైకి పాకే మంట, కిందికి దిగని మంట: ఈ చదువుతో ఉద్యోగం ఎక్కడ?

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. గ్యాస్ మిశ్రమాల్లో మంట వ్యాపించే తీరుపై గురుత్వాకర్షణ ప్రభావం మీద ప్రాజెక్టు చేసి, అదే రంగంలో స్థిరపడాలనుంది. అవకాశాలుంటాయా?
- ఓ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: ఉంటాయి. అయితే ‘మైక్రోగ్రావిటీ’ (గురుత్వం దాదాపు లేని స్థితి) అని వెతికితే దొరికేవి తక్కువ. దహన శాస్త్రం, పేలుళ్ల నివారణ, ప్రాసెస్ సేఫ్టీ (కర్మాగారాల్లో మంటలు, పేలుళ్లు జరగకుండా చూసే పని) అని వెతకండి. మీరు ఎంచుకున్న అంశం అసలు అవసరం అక్కడే ఉంది.

గాలిలో హైడ్రోజన్ 4 శాతం ఉంటే చాలు, గొట్టం అడుగున అంటించిన మంట పైకి పాకుతుంది. పైన అంటించి కిందికి దిగాలంటే దాదాపు 8-9 శాతం కావాలి. మీథేన్‌కు ఈ రెండు హద్దులు దగ్గరగా, సుమారు 5, 6 శాతాల దగ్గరే ఉంటాయి. కాలిన వాయువు తేలికై పైకి లేస్తూ మంటనూ వెంట తీసుకెళ్తుంది. పలుచని (ఇంధనం తక్కువగా ఉన్న) మీథేన్ మిశ్రమంలో మంట సొంత వేగం సెకనుకు ఐదారు సెంటీమీటర్లే. 5 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో వేడి బుడగ మాత్రం సెకనుకు 23 సెంటీమీటర్ల వేగంతో లేస్తుంది. అందుకే భద్రత లెక్కలకు ఎప్పుడూ పైకి పాకే హద్దునే తీసుకోవాలి. బొగ్గు గనుల్లో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు ఆపేయాలన్న నిబంధన 5 శాతానికి ఎంతో ముందే ఎందుకు మొదలవుతుందో మీ ప్రాంతంలో ఎవరికైనా తెలిసిందే.

ప్రాజెక్టుకు కాలేజీ ల్యాబ్‌లో గ్యాస్ అంటించే ఆలోచన మానుకోండి. మూసిన పాత్రలో మీథేన్-గాలి పేలితే ఒత్తిడి ఏడెనిమిది రెట్లు అవుతుంది. దహనాన్ని లెక్కించే, ఉచితంగా దొరికే కాంటెరా సాఫ్ట్‌వేర్‌లో జీఆర్ఐ 3.0 అనే మీథేన్ దహన రసాయన చర్యల ఫైలుతో మొదలుపెట్టండి. మీథేన్‌ను 9.5 శాతం నుంచి 5.5 దాకా తగ్గిస్తూ మంట వేగం లెక్కించండి. చాలామంది పొరబడేది ఇక్కడే: ఆ ఏకమితీయ (ఒకే దిశలో చేసే) లెక్కలో గురుత్వం ఉండదు, రేడియేషన్ కూడా మనం చేర్చకపోతే ఉండదు. కాబట్టి మంట ఆరిపోయే హద్దు దానంతట అది బయటపడదు. మంట వేగం వర్గాన్ని, గురుత్వ త్వరణం, గొట్టం వ్యాసాల లబ్ధంతో భాగించి, మీథేన్ శాతంతో అది ఎలా మారుతుందో గ్రాఫు గీసి చూడండి. 9.5 శాతం దగ్గర దాదాపు 0.29, పలుచని చివర 0.005 వస్తుంది. విలువ ఎంత చిన్నదైతే గురుత్వానిది అంత పైచేయి. ఆ తర్వాతే ఓపెన్‌ఫోమ్ అనే ద్రవ, వాయు ప్రవాహాల సాఫ్ట్‌వేర్‌లో గురుత్వం దిశ మార్చి చూడాలి.

గురుత్వమే లేకపోతే ఏమవుతుందో 1997లో కొలంబియా షటిల్‌లో చూశారు. పలుచని హైడ్రోజన్ మంట పాకకుండా, ఒకటి రెండు వాట్ల శక్తితో చిన్న గోళాలుగా నిలిచింది.

ఎంటెక్, పీహెచ్‌డీలకు గేట్‌ మెకానికల్ లేదా ఏరోస్పేస్ పేపర్ రాయండి. ఐఐటీ మద్రాస్ దహన పరిశోధన కేంద్రంలో 2.5 సెకన్ల డ్రాప్ టవర్ (పరికరాన్ని పైనుంచి వదిలి కొద్దిసేపు గురుత్వం లేని స్థితి కల్పించే గోపురం) ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలోనూ దహన పరిశోధన బలంగా సాగుతోంది. పరిశోధన ఉద్యోగాలకు డీఆర్డీవో, ఇస్రో, బార్క్, ధన్‌బాద్‌లోని గనులు-ఇంధన పరిశోధన సంస్థ నోటిఫికేషన్లు గమనించండి. వాటిలో శాస్త్రవేత్త స్థాయికి పీహెచ్‌డీ బాగా కలిసొస్తుంది. రిఫైనరీల ప్రాసెస్ సేఫ్టీ విభాగాలకైతే ఎంటెక్ సరిపోతుంది. ప్రొఫెసర్లకు ఈమెయిల్ రాసేటప్పుడు మార్కుల జాబితాతో పాటు పైన చెప్పిన గ్రాఫు ఒకటి జతచేయండి.