అమ్ముడైపోయిన సీటు, ఇంకా కొనని ఇంధనం

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను, అందుకే రాస్తున్నాను. చవక టికెట్ల విమాన కంపెనీలో ఫ్యూయల్ లెక్కలు నీకు అప్పగించారనీ, చేరిన మూడో వారానికే ధర ఎగబాకడం మొదలైందనీ, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ అన్నావు. టెన్షన్ పడొద్దని నేను చెప్పను. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లూ నేనూ పడ్డాను. కాకపోతే దేనికి పడాలో, దేనికి అక్కర్లేదో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నీకు అంత టైమ్ లేదు.

ముందుగా, పొద్దున్నే క్రూడ్ (ముడిచమురు) ధర చూసి గుండెలు బాదుకోవడం మానెయ్. మనం కొనేది క్రూడ్ కాదు, రిఫైనరీ నుంచి వచ్చే జెట్ ఫ్యూయల్. రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. 2022 జూన్‌లో క్రూడ్ బ్యారెల్ 120 డాలర్ల చుట్టుపక్కల తిరుగుతుంటే జెట్ ఫ్యూయల్ 170 దాటింది. మధ్యలో ఉన్నది రిఫైనరీ వాళ్ల మార్జిన్. క్రూడ్ దిగివచ్చినా ఆ మార్జిన్ దిగకపోతే నీ బిల్లు దిగదు. దీనికి తోడు ఇంధనం డాలర్లలో, లీజు డాలర్లలో, విడిభాగాలు డాలర్లలో. టికెట్ డబ్బు మాత్రం మీ దేశపు కరెన్సీలో వస్తుంది. ఆయిల్ దిగుమతి చేసుకునే దేశంలో ఆయిల్ పెరిగినప్పుడు కరెన్సీ కూడా తరచూ నీరసపడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కాబట్టి నీ షీటులో మొదటి గడి క్రూడ్ కాకూడదు. మీ కరెన్సీలో ఒక సీటుకు గంటకు ఎంత ఇంధనం ఖర్చవుతోందన్నది ఉండాలి.

ఇక అసలు సంగతి. ఇంధనం పెరిగితే పెద్ద ఎయిర్‌లైన్స్ కంటే మనకే ఎక్కువ దెబ్బ ఎందుకని మీ డైరెక్టర్లు అడుగుతారు. మన విమానం ఎక్కువ ఆయిలేమీ తాగదు. సీట్లు దగ్గరదగ్గరగా వేస్తాం కాబట్టి సీటు లెక్కన తక్కువే తాగుతుంది. కానీ భోజనం తీసేశాం, లాంజ్ తీసేశాం, ఒకే రకం విమానం పెట్టుకున్నాం, సిబ్బందిని తక్కువతో సరిపెట్టాం. చెక్కగలిగినదంతా ముందే చెక్కేశాక మిగిలిన ముద్దలో ఇంధనం వాటా పెద్దదై కూర్చుంటుంది. టికెట్ 100 అనుకో. పెద్ద కంపెనీకి అందులో 25 ఇంధనానికి పోతే మనకు 35 పోతుంది. ధర 40 శాతం పెరిగితే వాళ్ల మీద 10 పడుతుంది, మన మీద 14. మనకు మంచి ఏడాదిలో మిగిలేదే ఏడెనిమిది.

'పెంచిన 14 టికెట్ మీద వేసేద్దాం' అంటారు మార్కెటింగ్ వాళ్లు. ఇక్కడే అందరూ బోర్లా పడేది. ధర పెరిగిన రోజుకి, రాబోయే రెండు నెలల విమానాల్లో చాలా సీట్లు అప్పటికే అమ్ముడైపోయి ఉంటాయి. సగం అమ్మేశావనుకో. ఆ సగం మందిని మళ్లీ పిలిచి డబ్బు అడగలేవు. అప్పుడు మిగిలిన సగం సీట్ల మీద ఒక్కోదానికీ 28 వేయాలి. మన దగ్గరికి వచ్చేవాళ్లు ధర చూసి వచ్చేవాళ్లు. 128 చూస్తే ప్రయాణమే మానుకుంటారు, లేదంటే బస్సో రైలో ఎక్కుతారు. పెద్ద కంపెనీకి ఆఫీసు డబ్బుతో తిరిగే ప్రయాణికులు కొందరుంటారు, వాళ్లు ధర చూడరు. మనకు అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

అందుకే అంటున్నాను, నీ శత్రువు ధర కంటే ఆ రెండు నెలల ఎడం. సీటు అమ్మిన రోజుకీ, దానికి కావాల్సిన ఇంధనం కొన్న రోజుకీ మధ్య ఎన్ని రోజులుంటాయో రూటు వారీగా లెక్క తీయించు. సెలవులకు వెళ్లే రూట్లలో జనం చాలా ముందు కొంటారు, అక్కడ నీకు ప్రమాదం ఎక్కువ. చివరి వారంలో కొనే రూట్లలో ధర సర్దుకోవచ్చు. ధరలు పెరుగుతున్నాయని తెలిశాక, ఆరు నెలల ముందు సీట్లకు 'బంపర్ సేల్' పెట్టనివ్వకు. డబ్బు చేతికొస్తుందని ఫైనాన్స్ వాళ్లు సంబరపడతారు. అది ఆదాయం కాదు తల్లీ, అప్పు. ఆ అప్పు ఏ ధరకు తీర్చాలో ఇంకా తెలియని అప్పు.

ఆ డబ్బు చేతికి వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. 2008 ఏప్రిల్‌లో అమెరికాలో ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. కార్డు చెల్లింపులు చూసే సంస్థ, ప్రయాణం పూర్తయ్యేదాకా టికెట్ల డబ్బులో ఎక్కువ వాటా తన దగ్గరే ఆపుకుంటాననడమే అందుకు కారణం. అదే నెలలో 10 డాలర్ల సీట్లతో పేరు తెచ్చుకున్న స్కైబస్ మూతపడింది, ఒయాసిస్ హాంకాంగ్ మూతపడింది. అప్పటికి క్రూడ్ ఇంకా శిఖరానికి చేరలేదు, 147 డాలర్లు తాకింది జులైలో. చూశావా, ధర శిఖరానికి చేరకముందే పోయాయి. ఇంధనం సప్లై చేసేవాళ్లు కూడా అంతే. నీ మీద అనుమానం వచ్చిన రోజున అరువు ఆపేసి, డబ్బు కడితేనే ఆయిల్ అంటారు. నేను పనిచేసిన కంపెనీలో ఒకసారి ఇది జరిగింది. తెల్లవారుజామున బౌజర్, అంటే ఇంధనం తెచ్చే ట్యాంకర్ లారీ, విమానం పక్కనే ఉంది, పైపు మాత్రం బిగించలేదు. బ్యాంకు నుంచి డబ్బు పడినట్టు మెసేజ్ వచ్చేదాకా డ్రైవర్ క్యాబిన్‌లో కూర్చుని టీ తాగుతున్నాడు. లోపల ప్రయాణికులు సీట్ బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ నలభై నిమిషాలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. సప్లయర్‌కి బాకీ ఎన్ని రోజులుందో, కార్డు సంస్థ ఎంత ఆపుకుందో, ఈ రెండు అంకెలూ ప్రతి సోమవారం నీ టేబుల్ మీద ఉండాలి.

హెడ్జింగ్ గురించి అడిగావు. ముందుగానే ధర ఖాయం చేసుకోవడం, అంతే. దాన్ని ఇన్సూరెన్స్‌లా చూసినంతకాలం మంచిదే. మనం ఆయిల్ మార్కెట్ కంటే తెలివైనవాళ్లమని ఎవరైనా అన్న రోజు నుంచి జూదం. అమెరికా చవక విమాన కంపెనీ సౌత్‌వెస్ట్ కథ అందరూ చెబుతారు. 2008లో తమ ఇంధనంలో దాదాపు 70 శాతానికి బ్యారెల్ 51 డాలర్ల లెక్కన ఖాయం చేసుకుని ఉన్నారు, మిగతావాళ్లు విలవిలలాడుతుంటే వాళ్లు నవ్వుకున్నారు. కథ రెండో సగం ఎవరూ చెప్పరు. అదే ఏడాది మూడో త్రైమాసికంలో ఆయిల్ జారగానే ఆ కాంట్రాక్టుల విలువ తగ్గించి రాయాల్సి వచ్చి, 17 ఏళ్లలో మొదటిసారి నష్టం చూపించారు. 2025లో అయితే హెడ్జింగే వదిలేస్తున్నామన్నారు. 2020లో ఇంకో వింత జరిగింది. విమానాలన్నీ నేల మీద నిలబడిపోయాయి. ముందే ధర ఖాయం చేసుకున్నవాళ్లు, వాడని ఇంధనానికి నష్టం కట్టుకున్నారు.

నా పద్ధతి చాలా బోరింగ్. ప్రతి నెలా కొంచెం కొంచెం. దగ్గరి నెలలకు ఎక్కువ, దూరపు నెలలకు తక్కువ. ఎప్పుడూ సగానికి కొంచెం అటూ ఇటూ. అందులో కూడా, నేను చెప్పిన ఆ ముందే అమ్మేసిన సీట్లకు సరిపడా ఇంధనానికి ముందు కవర్ తీసుకో, అంటే ధర ఖాయం చేసుకో, ఆ తర్వాతే మిగతావి. ధర భయపెట్టేంత పెరిగాక ఒక్కసారిగా మొత్తం ఖాయం చేసెయ్యమని బోర్డులో ఎవరో ఒకరు అంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమది. 2008 జులైలో అలా చేసినవాళ్లు, డిసెంబరుకల్లా క్రూడ్ 40 డాలర్ల కిందికి పడిపోతే రోజూ అదనపు పూచీ డబ్బు కట్టుకుంటూ కూర్చున్నారు. అసలు డబ్బు బొటాబొటిగా ఉన్న కంపెనీకి బ్యాంకులు హెడ్జింగ్ ఇవ్వడానికే వెనకాడతాయి. గొడుగు కావాల్సినవాడికే గొడుగు దొరకదు.

ఇప్పుడు ఆయిల్ ఆదా సంగతి. దీని మీద కన్సల్టెంట్లు పెద్ద పెద్ద ప్రజెంటేషన్లు తెస్తారు. చాలావరకు నిజాలే. దిగాక ఒక ఇంజిన్‌తోనే ట్యాక్సీ చేయడం (నేల మీద విమానాన్ని నడపడం), నేల మీద ఉన్నంతసేపూ ఏపీయూ (విమానం తోకలో కరెంటు, ఏసీ ఇచ్చే చిన్న ఇంజిన్) బదులు ఎయిర్‌పోర్టు ఇచ్చే గ్రౌండ్ పవర్ వాడటం, ఇంజిన్లు కడిగించడం, తాగునీటి ట్యాంకు ప్రతిసారీ నిండుగా నింపకపోవడం. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిస్తే బాగానే ఉంటుంది. ఏపీయూ ఆపడం కాగితం మీద సులువు. ఎండలో గ్రౌండ్ ఏసీ బండి రాకపోతే లోపల జనం ఉడికిపోతారు. ముందు ఆ బండి టైముకి వచ్చేలా చూడు, తర్వాత పైలట్‌కి సర్క్యులర్ పంపు.

కెప్టెన్లు వేయించుకునే అదనపు ఇంధనం దగ్గర మాత్రం నేను చేసిన తప్పు నువ్వు చేయకు. అదనపు బరువు మోయడానికి కూడా ఆయిల్ కావాలి, గంటకు ఆ బరువులో సుమారు 3 శాతం ఊరికే మండిపోతుంది. 800 కిలోలు ఎక్కువ వేసుకుని రెండు గంటలు ఎగిరితే దాదాపు 50 కిలోలు గాల్లో కలిసిపోయినట్టే. 40 విమానాలు రోజుకు ఆరేసి సార్లు అలా ఎగిరితే రోజుకు 12 టన్నులు. ఈ లెక్క చూసి నాకు కళ్లు తిరిగాయి. ఎవరు ఎక్కువ వేయించుకుంటున్నారో పేర్లతో లిస్టు తయారుచేసి, ఎక్కువవాళ్లు పైన ఉండేలా నోటీసు బోర్డులో పెట్టించాను. వారం తిరక్కుండా ఒక పెద్ద కెప్టెన్ నా గదికి వచ్చాడు. కేకలు వేయలేదు. ఆ లిస్టు నా ముందు పెట్టి, తన పేరు పక్కన వేలు ఆనించి, 'ఆ రాత్రి అక్కడ దిగేచోట ఉరుములున్నాయి. అది ఇందులో ఏ గడిలో ఉంది?' అన్నాడు. లేదు. సాయంత్రానికి లిస్టు తీయించేశాను. ఆ తర్వాత చేసిందేంటంటే, ప్రతి ఫ్లైట్ ప్లాన్ మీద ఒక లైను చేర్చాం: ఈ రూటులో, ఈ టైములో, గత ఏడాది విమానాలు ప్లాన్ కంటే నిజంగా ఎంత ఎక్కువ వాడాయి అని. అంతే. ఎవరినీ ఏమీ అనలేదు. మామూలు రోజుల్లో అదనం దానంతటదే తగ్గింది, వాతావరణం బాగోలేని రోజుల్లో తగ్గలేదు. తగ్గకూడదు కూడా. ఎంత ఇంధనం తీసుకెళ్లాలన్న ఆఖరి మాట కెప్టెన్‌దే. దాన్ని నీ షీటుతో మార్చాలని చూడకు.

చవకగా దొరికే చోట ఎక్కువ నింపుకుని, ఖరీదైన చోట కొనకుండా తిరిగి రావడం, ట్యాంకరింగ్ అంటారు కదా, అది కూడా ఈ 3 శాతం లెక్క మీదే తేలుతుంది. యూరోపియన్ యూనియన్ దేశాలకు ఎగిరితే మాత్రం జాగ్రత్త. 2025 నుంచి అక్కడి ఎయిర్‌పోర్టుల్లో బయల్దేరే విమానాలకు ఏడాదికి కావాల్సిన ఇంధనంలో కనీసం 90 శాతం అక్కడే నింపాలన్న రూలు ఉంది. అదే ఏడాది నుంచి అక్కడ 2 శాతం పర్యావరణ ఇంధనం కలపాలి, 2030కి అది 6 శాతం. అది మామూలు జెట్ ఫ్యూయల్ కంటే కొన్ని రెట్లు ఖరీదు.

కొత్త విమానాలు తెస్తే సమస్య తీరుతుందంటారు. ఎయిర్‌బస్ వాళ్ల కొత్త ఇంజిన్ల విమానం ఏ320 నియో పాత ఏ320 కంటే 15 శాతం దాకా తక్కువ తాగుతుంది, నిజమే. లీజు మాత్రం ఎక్కువ, అది ఎగిరినా ఎగరకపోయినా కట్టాలి. పైగా 2023లో కొన్ని నియో ఇంజిన్లకు లోహంలో లోపం ఉందని తెలిసి, తనిఖీల కోసం వందల విమానాలు నేల మీదే ఉండిపోయాయి. నేల మీద ఉన్న విమానం ఎంత ఆదా చేస్తుందో నీకు వేరే చెప్పాలా.

ధర ఇంకా పెరిగితే సర్వీసులు తగ్గించమంటారు. ఇక్కడ తొందరపడకు. ఒక ఫ్లైట్ ఆపితే ఇంధనం, ఎయిర్‌పోర్టు ఫీజు, నావిగేషన్ ఛార్జీలు మిగులుతాయి. లీజు, జీతాలు మిగలవు, అవి మిగతా ఫ్లైట్ల నెత్తిన పడతాయి. కాబట్టి వచ్చే డబ్బు ఆ మూడు ఖర్చులకు కూడా చాలని ఫ్లైట్లే ఆపు. సాధారణంగా వారం మధ్యలో మధ్యాహ్నం వేళ దొరుకుతాయి. రూటు మొత్తం ఎత్తేస్తే ఎయిర్‌పోర్టులో దిగడానికీ ఎగరడానికీ ఇచ్చిన ఆ టైము, అంటే స్లాట్, మళ్లీ దొరకడం కష్టం. సౌత్‌వెస్ట్‌నే మళ్లీ చెబుతాను, ఏమనుకోకు. 1972లో డబ్బుల్లేక ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేశారు. ఫ్లైట్లు మాత్రం తగ్గించలేదు. దిగిన విమానాన్ని 10 నిమిషాల్లో మళ్లీ ఎగరేసి మూడింటితోనే నాలుగు విమానాల షెడ్యూల్ నడిపారు. ఈ రోజుల్లో 10 నిమిషాలు కుదరదు, 25 కుదురుతుంది. మీవాళ్లు 40 తీసుకుంటున్నారని నువ్వే అన్నావు. ఆ 15 నిమిషాలు ఎక్కడ పోతున్నాయో ఒక రోజంతా ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, నిలబడి చూడు. బ్యాగుల దగ్గరా, క్లీనింగ్ దగ్గరా, బస్సు దగ్గరా? ఆఫీసులో కూర్చుంటే తెలియదు.

నా పాత ఎక్సెల్ ఫైలు మెయిల్ చేస్తున్నాను. ఫార్ములాలు కొన్ని పాతబడ్డాయి, నువ్వు సరిచేసుకో. మూడో షీటులో ముందే అమ్మేసిన సీట్లు, వాటి ఇంధనం, దానికి తీసుకున్న కవర్ పక్కపక్కన ఉంటాయి. ముందు దాన్నే నింపు. ఆ ఖాళీ గడులు నిండిన రోజు నాకు ఫోన్ చెయ్, రాత్రి ఎంత ఆలస్యమైనా సరే.

ఇట్లు,
మీ బాబాయి