బుజ్జీ, ముందు ఒక్క పాయ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ ముద్దుల కూతురు జుట్టు రంగు తేల్చుకోవడానికి బ్లీచ్ పొడి తెచ్చుకుంటానంటోంది, నువ్వైనా వద్దని చెప్పు" అంది. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మలక్‌పేటలో ఇరవై ఆరేళ్ళు పార్లర్ నడిపినదాన్ని, ఎన్ని తలలకు బ్లీచ్ పెట్టానో లెక్కలేదు. ఇంట్లోనూ చేసుకోవచ్చు. కానీ జుట్టంతా ఒకేసారి మాత్రం వద్దు. ముఖానికి అటూ ఇటూ చెరొక పాయ చాలు. తల వెనక నీకు కనపడదు, చెయ్యి సరిగా అందదు, అక్కడే మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ముందు నీ జుట్టు చరిత్ర గుర్తు తెచ్చుకో. వెంట్రుక నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. నడుము దాటిన నీ జడ చివర అయిదేళ్ళ కిందటిది. మీ అక్క పెళ్ళికి పెట్టుకున్న మెహందీ, ఆ తర్వాత ఎప్పుడో వేసుకున్న నల్ల రంగు, అన్నీ ఆ చివళ్ళలో ఇంకా ఉన్నాయి. తలంటుకుంటే పోయాయని నువ్వు అనుకుంటావు. పొడి పెట్టగానే బయటపడతాయి.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒకసారి ఒక అమ్మాయి తన పెళ్ళికి పది రోజుల ముందు వచ్చింది. "మెహందీ తప్ప ఇంకేం పెట్టలేదు ఆంటీ" అంది. నేను నమ్మి, పాయ పరీక్ష చేయకుండా మొదలుపెట్టాను. పది నిమిషాలు కాలేదు, ఫాయిల్ మీద చెయ్యి వేస్తే వేడి టీ గ్లాసు పట్టుకున్నట్టు కాలింది. పరుగున తీసుకెళ్ళి కడిగితే ఆ పాయ సగం నా వేళ్ళకే వచ్చేసింది. ఆమె వాడినది ఉత్త గోరింటాకు కాదు, లోహపు లవణాలు కలిపిన ప్యాకెట్ మెహందీ. పొడిలో కలిపే ద్రవాన్ని డెవలపర్ అంటారు, అందులో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు ఆ లవణాలు తగిలితే వేడి పుడుతుంది. ఉత్త గోరింటాకైతే అంత ప్రమాదం లేదు కానీ, నారింజ రంగు మొండికేస్తుంది. నీలి ఆకు పొడి కలిపినదైతే జుట్టు ఆకుపచ్చగా తిరగొచ్చు. ఆ అమ్మాయి పెళ్ళి ఫొటోల్లో ఆ పక్కన పూలు ఎక్కువ పెట్టించాం. ఆ తప్పు నాది, ఇప్పటికీ మనసులో మెదులుతుంది.

కాబట్టి మెడ దగ్గర, పై జుట్టు కప్పేచోట, పెన్సిల్ కంటే సన్నని పాయ ఒకటి కత్తిరించి ఒక కొసన దారం కట్టు. చివళ్ళ నుంచి కూడా ఇంకొకటి తీసుకో. వాటి మీద చూశాకే తల మీద.

సామాను బేగంబజార్‌లోనో కోఠీలోనో పార్లర్ సామాన్లు అమ్మే దుకాణంలో కొను. కిరాణా కొట్టులో "బ్లీచింగ్ పౌడర్" అని అడిగేవు, వాళ్ళు నీళ్ళ ట్యాంకులో, మోరీలో చల్లేది ఇస్తారు. అది వేరు, తలకు ముట్టనివ్వకూడదు. ముఖానికి రాసుకునే బ్లీచ్ క్రీమ్ కూడా ఇది కాదు. "హెయిర్ లైటనర్ పౌడర్, ట్వంటీ వాల్యూమ్ డెవలపర్" అని అడుగు. ట్వంటీ అంటే 6 శాతం పెరాక్సైడ్. ఫార్టీలో 12 శాతం ఉంటుంది. తొందరగా అవుతుందని దుకాణంవాడు అదే అంటగట్టబోతాడు, తీసుకోకు. ఇంట్లో మనకు కావలసింది నెమ్మది.

పొడి గిన్నెలో పోసేటప్పుడు ముఖం పక్కకు తిప్పి, మాస్క్ పెట్టుకుని, కిటికీ తీసి పెట్టు. అందులో ఉండే పర్‌సల్ఫేట్లనే రసాయనాలు ఊపిరితిత్తులకు మంచివి కావు. ఏసీ వేసి తలుపులు బిగించుకుని ఏళ్ళ తరబడి పనిచేశాను, ఇప్పుడు ఆ పొడి వాసన తగిలితే చాలు, దగ్గు తెర ఆగదు. నీకు చిన్నప్పుడు ఆయాసం ఉండేది కదా, ఈ విషయం తేలిగ్గా తీసుకోకు. ఛాతీ పట్టేసినట్టుంటే అక్కడికక్కడే ఆపెయ్.

గిన్నె ప్లాస్టిక్‌దో గాజుదో ఉండాలి, స్టీలు వద్దు. చేతికి గ్లవ్స్. ప్యాకెట్ మీద వేరే కొలత లేకపోతే 15 గ్రాముల పొడికి 30 మిల్లీలీటర్ల డెవలపర్. గట్టి పెరుగులా రావాలి, జారితే మాడు మీదికి కారుతుంది. 48 గంటల ముందే చిటికెడు కలిపి మోచేతి లోపలి వైపు రాసి చూసుకో. మండినా, దద్దురు లేచినా ఆ మాట ఇక మరిచిపో.

ఆ రోజు తలంటుకోకు, ముందురోజు కూడా వద్దు. మాడు మీది జిడ్డే నీకు కాపు. పేస్టు కుదుళ్ళకు అంగుళం దూరంలో మొదలుపెట్టు. తల వేడికి కుదుళ్ళ దగ్గర రంగు త్వరగా పోతుంది, ముందే పెడితే అక్కడ పసుపు, కింద ఎరుపు వస్తుంది. పాయ కింద ఫాయిల్ పెట్టి, పేస్టు ఆరకుండా వదులుగా మడిచెయ్. ఆరితే పని ఆగిపోతుంది. హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి రానీయకు.

ఇక ఓపిక పట్టాల్సింది ఇక్కడే. అయిదు నిమిషాలకొకసారి ఫాయిల్ విప్పి, తడి దూదితో కొంచెం తుడిచి చూడు. మన నల్ల జుట్టు ఒక్కసారిగా తెల్లబడదు. ముందు ఎర్రమట్టి, తర్వాత ఇటుక, ఆపైన పండు నారింజ, ఆ తర్వాత తంగేడు పువ్వు, చివరికి అరటితొక్క లోపలి రంగు. నారింజ దగ్గర అందరూ హడలిపోయి, వెంటనే కడిగి, మళ్ళీ పొడి కలిపి పెడతారు. జుట్టు చచ్చేది అక్కడే. నారింజ రావడం తప్పు కాదమ్మా, అది దారిలో వచ్చే ఊరు. ప్యాకెట్ మీద రాసినన్ని నిమిషాలు దాటకముందే, నారింజలోనే ఉన్నా సరే, ఆ రోజుకు కడిగెయ్. నారింజను అణిచే నీలం కలిసిన టోనర్ అనే రంగు వేస్తే అది చక్కని తేనె రంగు గోధుమకు దిగుతుంది, నీ చాయకు అదే నప్పుతుంది. ఇంకా తేలాలంటే మూడు నాలుగు వారాల తర్వాతే.

మధ్యలో ఒక తడి వెంట్రుకను మెల్లగా లాగి చూడు. కొద్దిగా సాగి వెనక్కి రావాలి. నానిన సేమియాలా సాగి తెగిపోతే టైము చూడకుండా కడుగు.

మీ కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళకు కుళాయిలు తెల్లగా పేరుకుపోయి ఉండడం నేను చూశాను. ఆ ఉప్పు బ్లీచ్ చేసిన జుట్టుకు పట్టి గరుకుగా చేస్తుంది. మంజీరా నీళ్ళు వచ్చే రోజు చూసుకుని పెట్టుకో, రెండు బకెట్లు ముందే పట్టి ఉంచు. తర్వాత నెలరోజులు కుంకుడుకాయ వద్దు, కండిషనర్ తప్పనిసరి, తలంటుకునే ముందురాత్రి చివళ్ళకు కొబ్బరినూనె. మిగతా నూనెల కంటే అది వెంట్రుకలోకి బాగా ఇంకుతుంది.

మిగిలిన పేస్టును సీసాలో పోసి మూత బిగించకు, గ్యాస్ పుట్టి పగులుతుంది. నీళ్ళు బాగా పోసి పారబొయ్యి.

ఆదివారం మధ్యాహ్నానికి మీ ఇంటికొస్తాను. ఈలోగా ఆ రెండు చిన్న పాయల మీద పరీక్ష చేసి, కాగితానికి అంటించి, ఎన్ని నిమిషాలకు ఏ రంగు వచ్చిందో పక్కన రాసి ఉంచు. అది చూశాకే గిన్నెలో పొడి వేద్దాం. ఫాయిల్ నేను పట్టుకుంటాను.

ప్రేమతో,
పిన్ని