మొదటి గ్లాసు కొనే ముందు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన వేలం కేటలాగ్ ఫోటోలు చూశాను. నీలం గాజు గిన్నె, అంచు చుట్టూ బంగారు పొలుసులు, వాటి మీద ఎర్రవీ తెల్లవీ చుక్కలు, కింద ‘వెనిస్, సుమారు 1500’ అన్న ఒక్క ముక్క. రాత్రంతా నిద్ర పట్టలేదన్నావు. ముప్పై ఏళ్ల కింద అదే లండన్‌లో, దాదాపు అలాంటి గిన్నె కోసమే నాకూ నిద్ర పట్టలేదు. అందుకే చెబుతున్నాను, ఈసారి వేలంలో పాట పాడకు. వెళ్లి కూర్చో, చూడు, ధర ఎంత దాకా పోయిందో రాసుకో. అంతే.

వద్దంటున్నానని బాధపడకు. ఈ గాజు మీద మనసు పడడం మంచి పనే. అసలు అదేమిటో తలుచుకో. మంటల భయంతో వెనిస్ పాలకులు 1291లో గాజు కొలిములను మురానో దీవికి పంపేశారు. అక్కడే 1450ల ప్రాంతంలో ఆంజెలో బరోవియెర్ అనే పనివాడు స్ఫటికంలా కనిపించే గాజు తీశాడు. దాని పేరు క్రిస్టల్లో. టిచినో నది నుంచి తెచ్చిన పలుగురాళ్ల పొడి, తూర్పు మధ్యధరా తీరం నుంచి వచ్చిన మొక్కల బూడిద, రంగు పోగొట్టడానికి చిటికెడు మాంగనీసు, ఇవే దినుసులు. ఆ బూడిదను నీళ్లలో మరిగించి, వడగట్టి, మళ్లీ ఇగరబెట్టి శుద్ధి చేసేవాళ్లు. గాజుకు ఆ స్వచ్ఛత అక్కడి నుంచే వచ్చింది. దాని జబ్బు కూడా అక్కడి నుంచే వచ్చింది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక అలంకారం. బంగారు రేకు అంటించి, దాన్ని సన్నగా గీకి పొలుసులు తీర్చి, రంగు గాజు పొడిని జిగురుతో కలిపి చుక్కలు పెట్టేవాళ్లు. తర్వాత ఆ గిన్నెను మళ్లీ ఇనప కడ్డీకి అతికించి, మెల్లగా కొలిమి నోట్లో పెట్టి రంగులు కరిగించేవాళ్లు. కాస్త వేడి ఎక్కువైతే గిన్నె వాలిపోతుంది, తక్కువైతే రంగు పట్టదు. మురానో మ్యూజియంలో బరోవియెర్ కప్పు అని ఒకటి ఉంది, నీలం గాజు మీద వధూవరుల ముఖాలు, గుర్రాల ఊరేగింపు. దాని ముందు నిలబడ్డప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని వందల ఏళ్లు ఎవరి చేతిలోంచీ జారిపడకుండా వచ్చిందే అనిపించింది. సేకరించేవాళ్లను పట్టి లాగేది అదేననుకుంటాను.

సుమారు 1530 తర్వాత వెనిస్‌లోనే రంగుల మోజు తగ్గింది. తెల్లటి గాజు దారాలు లోపల మెలితిప్పిన గ్లాసులకు గిరాకీ వచ్చింది. ఆ పనికి సెరెనా సోదరులు 1527లో ప్రత్యేక హక్కు తీసుకున్నారు. గాజు పొడితో వేసే ఆ రంగుల పని, అంటే ఎనామెల్, మాత్రం జర్మన్ ప్రాంతాల పెద్ద బీరు గ్లాసుల మీద ఇంకా చాలాకాలం నడిచింది. అంటే నువ్వు ఇష్టపడ్డ రకం వెనిస్‌లో జోరుగా తయారైంది కొద్ది దశాబ్దాలే. మిగిలినవి చాలా తక్కువ, వాటిలో మంచివి ఎక్కువగా మ్యూజియాలకు చేరిపోయాయి. మార్కెట్‌లో ‘సుమారు 1500’ అని కనిపించగానే ముందు అనుమానపడాల్సింది ఇందుకే.

నా గిన్నె సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఏడాది పాటు దాచుకున్న డబ్బు పెట్టి కొన్నాను. అమ్మినవాళ్లు కాగితం మీద 1500 అనే రాశారు. రెండేళ్ల తర్వాత గాజు గురించి బాగా తెలిసిన ఒక పెద్దమనిషి దాన్ని చేతిలోకి తీసుకుని, పైన బొమ్మ వంక చూడనే లేదు. తిరగేసి పాదం చూశారు. ‘పంతొమ్మిదో శతాబ్దం’ అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

జరిగింది ఏమిటంటే, 1797లో వెనిస్ రిపబ్లిక్ పడిపోయాక గాజు పని చితికిపోయింది. ఆంటోనియో సాల్వియాటి అనే లాయరు 1859లో గాజు పని మొదలుపెట్టాక, మురానోలో 1861లో మ్యూజియం వచ్చాక, పనివాళ్లు పాత గ్లాసులు ఎదురుగా పెట్టుకుని ఆ విద్యను మళ్లీ నేర్చారు. మోసం కోసం చేసినవి కావవి, గర్వంగా అమ్మినవి. వందేళ్లు గడిచాక చేతులు మారి, పేర్లు మారాయి.

అందుకని నా మాట విను, మొదటి గ్లాసుగా అలాంటి పంతొమ్మిదో శతాబ్దపు నకలునే కొనుక్కో. నకలని తెలిసి, నకలు ధరకే. ఇంట్లో పెట్టుకుని రోజూ తిప్పి చూడు. నకలు బాగా తెలిసిన చేతికి అసలు తగిలితే తేడా వెంటనే తెలుస్తుంది.

ఏం చూడాలో చెబుతాను. ముందు బరువు. పాత వెనిస్ గాజులో సీసం లేదు, కంటికి కనిపించే సైజుకు చేతిలో తేలిగ్గా ఉంటుంది. రంగులేని గాజైతే తెల్ల కాగితం మీద పెట్టు, కొంచెం బూడిద రంగో పసుపో తగులుతుంది, సన్నటి బుడగలు ఉంటాయి. పాదం కింద గీతలు అన్ని దిక్కులా, లోతు తేడాలతో ఉండాలి. ఒకే వైపు గీసినట్టు ఉంటే గరుకు కాగితంతో రుద్దారన్నమాట. కడ్డీ విరిచిన గుర్తు కూడా అక్కడే వెతుకు. రంగులు కరిగించడానికి రెండోసారి కడ్డీకి ఎక్కించారు కాబట్టి ఒకదాని మీద ఒకటి రెండు గుర్తులు కనిపిస్తే అది మంచి సూచన. బంగారం చెయ్యి తగిలే చోట అరిగి ఉండాలి. నా గిన్నెలో అంచు నుంచి అడుగు దాకా బంగారం ఒకేలా మెరుస్తూ ఉండేది, నేను దాన్నే అదృష్టం అనుకున్నాను!

వీటన్నిటి కంటే ముందు కాగితాలు అడుగు. ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది, ఏ వేలంలో ఎప్పుడు అమ్మారు, ఇటలీ నుంచి వచ్చిందైతే ఎగుమతి అనుమతి ఉందా. జవాబు నసిగితే లేచి వచ్చెయ్.

జబ్బు సంగతి చెబుతానన్నాను కదా. బూడిదను శుద్ధి చేసేటప్పుడు గాజును గట్టిపరిచే సున్నం కూడా పోయేది. అలాంటి గాజు గాలిలో తేమను పీల్చి చెమటలు పడుతుంది, ముట్టుకుంటే సబ్బు నీళ్లు తగిలినట్టు జారుతుంది, తర్వాత ఒళ్లంతా వెంట్రుకంత పగుళ్లు. దానికి మందు లేదు. తేమ నలభై శాతం చుట్టుపక్కల నిలకడగా ఉండే అద్దాల బీరువాలో పెట్టడం ఒక్కటే మనం చేయగలిగింది. అలాంటిది ఎంత చవకగా వచ్చినా కొనకు.

నువ్వున్న ఊళ్లోనే బ్రిటిష్ మ్యూజియం ఉంది, టికెట్ లేదు. ఫెలిక్స్ స్లేడ్ అనే సేకర్త 1868లో రాసిచ్చిన గాజు, 1898లో వచ్చిన వాడెస్డన్ సేకరణ ఉన్న గది, రెండూ చూడు. ఒక్కో గ్లాసు దగ్గర అరగంట నిలబడు, పాదం దాకా వంగి చూడు. ఇక్కడికి వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు గదికి కలిసి వెళ్దాం.

మీ నాన్న డిసెంబర్‌లో నీ దగ్గరికి వస్తున్నాడు కదా, నా గిన్నెను తనతో పంపుతున్నాను. సూట్‌కేసులో వద్దు, చేతి సంచిలోనే పెట్టుకోమని చెప్పాను. నీ చేతికి అందగానే ముందు తిరగేసి పాదం చూడు. ఏమేం కనిపించాయో రాయి.

ఇట్లు,
పెదనాన్న