ఒక్క బ్యాక్టీరియా రాత్రికి రాత్రే కోట్లు అవుతుందా?

ప్రశ్న: నా వయసు 38. మూడు రోజుల కిందట పొద్దున బాగానే ఉన్నాను. సాయంత్రానికి మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం మొదలయ్యాయి. మర్నాడు డాక్టర్ యూరిన్ కల్చర్‌కు (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రాసి, ఐదు రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చారు. శాంపిల్ ఇచ్చాకే మాత్రలు మొదలుపెట్టాను. రిపోర్టులో ఈ.కొలై అనే బ్యాక్టీరియా, మిల్లీలీటరుకు లక్షకు పైగా అని వచ్చింది. ఇవాళ మూడో రోజు, మంట దాదాపు పోయింది. ఇంతలో కాలేజీలో చదివే మా అబ్బాయి ఏదో ఫార్ములా వేసి, ‘ఇవి ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయమ్మా, రేపటికి ఎన్ని అవుతాయో చూడు’ అని లెక్క చూపించేసరికి టెన్షన్ పట్టుకుంది. నిజంగా అంత వేగంగా పెరుగుతాయా? తగ్గింది కాబట్టి మాత్రలు ఆపేయొచ్చా? శాంపిల్ ఇంట్లో పట్టిన నాలుగు గంటలకు ల్యాబ్‌లో ఇచ్చాను. రిపోర్టును నమ్మొచ్చా?

డాక్టర్ సలహా: మీ అబ్బాయి గుణకారంలో తప్పేమీ లేదండీ. కాకపోతే ఆ లెక్కను ఎంతవరకు సాగదీయాలన్నది ఫార్ములా చెప్పదు. అక్కడే మీకు టెన్షన్ వచ్చింది.

బ్యాక్టీరియా పెరగడమంటే ఒకటి రెండుగా చీలడమే. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. లెక్కల్లో దీన్ని ఘాతాంక వృద్ధి, ఎక్స్‌పొనెన్షియల్ గ్రోత్ అంటారు. మొదట ఉన్న సంఖ్యను, ఎన్నిసార్లు రెట్టింపయితే అన్నిసార్లు రెండుతో గుణించుకుంటూ పోవాలి. ల్యాబ్‌లో పోషకాలు పుష్కలంగా ఇచ్చి 37 డిగ్రీల దగ్గర ఉంచితే ఈ.కొలై సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అంటే గంటకు 8 రెట్లు. ఒక్కదానితో మొదలుపెడితే ఏడు గంటలకు దాదాపు 21 లక్షలు, పది గంటలకు 107 కోట్లు.

ఇదే లెక్కను రెండు రోజుల దాకా లాగమనండి. 144 సార్లు రెట్టింపవ్వాలి. ఒక్కో బ్యాక్టీరియా బరువు ఒక గ్రాములో లక్ష కోట్లో వంతు మాత్రమే. అయినా 48 గంటలకు మొత్తం బరువు మన భూమి బరువుకు 3,700 రెట్లు దాటుతుంది. భూమి ఇంకా ఇక్కడే ఉంది కాబట్టి, మధ్యలో ఎక్కడో ఆ వేగానికి కళ్లెం పడుతోందన్నమాట.

ఎక్కడ పడుతుందో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో 1940లలోనే కొలిచి చూపించారు. కొత్త చోటికి చేరిన బ్యాక్టీరియా మొదట కాసేపు సర్దుకుంటుంది, సంఖ్య పెద్దగా పెరగదు. తర్వాత కొన్ని గంటలు మీ అబ్బాయి ఫార్ములా అచ్చు గుద్దినట్టు పనిచేస్తుంది. తిండి తగ్గి, వ్యర్థాలు పేరుకున్నాక పెరుగుదల ఆగుతుంది. ఆ తర్వాత చావులు మొదలవుతాయి. మన ఒంట్లోనైతే తెల్ల రక్తకణాలు వీటిని మొదటి నుంచీ వేటాడుతూనే ఉంటాయి.

మరి పొద్దున లేని మంట సాయంత్రానికి ఎలా వచ్చింది? మూత్రాశయంలోకి వెయ్యి బ్యాక్టీరియా చేరాయనీ, అక్కడ 40 నిమిషాలకోసారి రెట్టింపయ్యాయనీ అనుకుందాం. ఎనిమిది గంటల్లో 12 సార్లు రెట్టింపై దాదాపు 41 లక్షలవుతాయి. వేలల్లో ఉన్నప్పుడు మీకేమీ తెలియదు. లక్షలు దాటి, మూత్రాశయం లోపలి పొర వాచినప్పుడే మంట తెలుస్తుంది. ఆ క్షణానికి ఉన్నవాటిలో సగం చివరి 40 నిమిషాల్లో పుట్టుకొచ్చినవే. అందుకే ఉన్నట్టుండి వచ్చినట్టు అనిపిస్తుంది. లోపల పెరుగుదల మాత్రం చాలాసేపటి నుంచీ నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడ ఇంకో లెక్క ఉంది. నా పేషెంట్లకు ఇది తరచూ చెబుతుంటాను. మూత్రాశయంలో 300 మిల్లీలీటర్లు ఉంటే, వెళ్లి వచ్చాక లోపల 10 మిల్లీలీటర్లు మిగిలాయనుకోండి. మూత్రంలో తేలుతున్న బ్యాక్టీరియా ఒక్క దెబ్బతో ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. 40 నిమిషాల లెక్కన మూడు గంటల్లో అవి పెరిగేది 23 రెట్లు. అంటే మూడు గంటలకోసారి వెళ్లే మనిషిలో పెరిగినదానికంటే పోయేదే ఎక్కువ. అదే పని ఒత్తిడిలోనో, బయట బాత్రూం బాగా లేదనో ఆరు గంటలు ఆపుకుంటే 512 రెట్లు పెరుగుతాయి, పోయేది మాత్రం అదే ముప్పై రెట్లు. నీళ్లు బాగా తాగండి, ఆపుకోకండి అని మేం విసుగు లేకుండా చెప్పేది ఇందుకే. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే మహిళలపై జరిగిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగినవారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు వస్తే, తాగనివారికి 3.2 సార్లు వచ్చింది. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్ల మీద పరిమితి ఉన్నవాళ్లు మాత్రం తమ డాక్టర్‌ను అడక్కుండా పెంచకూడదు. అలాగని నీళ్లే మందు అనుకోవద్దు. ఈ.కొలైకి సన్నని నూగు లాంటి పోగులుంటాయి. వాటితో మూత్రాశయం గోడను పట్టుకుని వేలాడే బ్యాక్టీరియాను మూత్రం ధార కడిగేయలేదు. దానికి మాత్రలు కావాల్సిందే.

మాత్రలు ఆపేయొచ్చా అన్నారు. ఆపకండి. పెరిగేటప్పుడు రెట్టింపు లెక్క ఎలా నడిచిందో, తగ్గేటప్పుడూ అలాగే వాటాల్లో నడుస్తుంది. పది కోట్ల బ్యాక్టీరియాలో 99 శాతం చస్తే మీకు హాయిగా ఉంటుంది, మంట పోతుంది. కానీ ఇంకా పది లక్షలు మిగిలే ఉంటాయి. మందు ఆపి, వేరే ఏ అడ్డూ లేదనుకుంటే ఆ పది లక్షలు మళ్లీ పది కోట్లు కావడానికి ఏడుసార్లు రెట్టింపైతే చాలు. అంటే ఐదు గంటల లోపే. నిజానికి మీ ఒంటి రక్షణ శక్తి ఊరుకోదు కాబట్టి, మానేసిన ప్రతివాళ్లకూ తిరగబెట్టదు. మీ విషయంలో ఏమవుతుందో ముందుగా చెప్పలేం కదా. డోస్ మర్చిపోవడమూ ఇలాంటిదే, ఆ ఖాళీ సమయం బ్యాక్టీరియా చేతికి పోతుంది.

అన్ని మందులకూ ఐదు రోజులే అని కాదు. మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యురాంటోయిన్ సాధారణంగా 5 రోజులు ఇస్తాం, ఫాస్ఫోమైసిన్ ఒక్క డోసే. కాబట్టి పక్కింటివాళ్ల కోర్సుతో పోల్చుకోవద్దు. రెట్టింపయ్యే వేగం కూడా అన్ని క్రిములకూ ఒకటి కాదు. టీబీ క్రిమికి ఒకసారి రెట్టింపు కావడానికే 15 నుంచి 20 గంటలు పడుతుంది. అందుకే దాని కల్చర్‌కు వారాలు పడితే, మీ ఈ.కొలై ప్లేటు మీద ఒక్క రోజులో కనిపించింది.

ఇక శాంపిల్ సంగతి. మీ అనుమానం సబబే. సీసాలో కూడా బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. మామూలు గది వేడిలో గంటకోసారి రెట్టింపైనా, నాలుగు గంటల్లో 5 వేలు 80 వేలవుతాయి. అందుకే రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. కుదరకపోతే 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెడితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది, 24 గంటల వరకు ఫరవాలేదు. మిల్లీలీటరుకు లక్ష దాటితే ఇన్ఫెక్షన్ అనే గీతను 1950లలో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టర్ ప్రతిపాదించారు. మంట లాంటి లక్షణాలున్న మహిళల్లో అంతకంటే చాలా తక్కువ సంఖ్యనూ మేం ఇన్ఫెక్షన్‌గానే చూస్తాం. మీకు లక్షణాలు స్పష్టంగా ఉన్నాయి, ఒకే రకం బ్యాక్టీరియా వచ్చింది. చర్మం మీది క్రిములు కలిసిపోయిన శాంపిల్‌లో సాధారణంగా రెండు మూడు రకాలు కనిపిస్తాయి. మామూలు యూరిన్ పరీక్ష కూడా చేసి ఉంటే అందులో పస్ సెల్స్ (చీము కణాలు, అంటే తెల్ల రక్తకణాలు) ఎన్నో చూడండి. బ్యాక్టీరియాలా అవి సీసాలో పిల్లలు పెట్టలేవు. అవి ఎక్కువగా ఉంటే మూత్రనాళంలో వాపు నిజంగానే ఉందని అర్థం. మీ రిపోర్టులో అంకె కాస్త ఉబ్బి ఉండొచ్చు గానీ, రోగ నిర్ధారణ మారదు. అదే రిపోర్టు కింద ఏ మందుకు లొంగుతుందో రాసి ఉంటుంది. మీరు వాడే మందు ఎదురుగా ‘సెన్సిటివ్’ అని ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ‘రెసిస్టెంట్’ అని ఉంటే, తగ్గినట్టు అనిపిస్తున్నా మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి.

చలితో జ్వరం, నడుముకు ఒక పక్కన నొప్పి, వాంతులు వస్తే కిడ్నీ దాకా పాకిందేమోనని అనుమానించాలి. అప్పుడు రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. గర్భంతో ఉన్నా, షుగర్ ఉన్నా ఆ సంగతి మందు రాసిన డాక్టర్‌కు తెలియాలి. ఇవేవీ లేకుండా ఐదు రోజులు పూర్తయి, మంట కూడా పోతే మళ్లీ కల్చర్ చేయించనక్కర్లేదు.