కోచ్‌ని తిట్టాలా, యజమానిని నిలదీయాలా?

ఫుట్‌బాల్ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లకే అట్టడుగుకి పడింది, చివరికి ఊరే ఖాళీ చేసి ఢిల్లీకి పోయింది. గచ్చిబౌలి స్టేడియంలో మేం కోచ్‌ని తిట్టని మ్యాచ్ లేదు. ఇంతకీ తప్పు కోచ్‌దా, ఓనర్లదా?
– ఒక అభిమాని, కొండాపూర్

జవాబు: ఆఖరి రెండు సీజన్ల వరకు చెప్పాలంటే, కోచ్‌ని తిట్టి మీరు గొంతు పాడుచేసుకున్నారంతే. మొదటి సీజన్ సంగతి వేరు. పుణె సిటీ జట్టు స్థానంలో 2019 ఆగస్టులో ఈ క్లబ్ పుట్టింది. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5. సీజన్ మొత్తానికి 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, ఆఖరి స్థానం. కోచ్ ఫిల్ బ్రౌన్‌ని మధ్యలోనే పంపేశారు. అప్పుడు ఆటగాళ్లు మూకుమ్మడిగా పారిపోలేదు. ఉన్నవాళ్లతో ఆడించడం చేతకాలేదు. అది కోచ్ ఖాతాలో వేయాల్సిందే.

2020లో కోచ్ ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకి వెళ్లిపోతే హడావుడిగా తెచ్చిన మనోలో మార్కెజ్ కింద జట్టు మొదట అయిదో స్థానం, తర్వాత వరసగా రెండు సార్లు లీగ్‌లో రెండో స్థానం. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనది. ఒగ్బెచె ఒక్కడే ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని పాయింట్ల పట్టికలో కాకుండా మ్యాచ్‌కి గంట ముందు వచ్చే జట్టు జాబితాలో చూడాలి. కోచ్ వల్ల చెడే జట్టులో పేర్లు అవే ఉంటాయి, ఆట చెడుతుంది. ఒకే రకం గోల్స్ మళ్లీమళ్లీ తింటుంది, 70వ నిమిషం దాటితే కాళ్లు కదలవు. డబ్బు ఆగి చెడే జట్టులో ముందు పేర్లే మాయమవుతాయి. మొదట విదేశీ ఆటగాళ్లు వెళ్తారు, వాళ్లకి ఏజెంట్లూ లాయర్లూ ఉంటారు కాబట్టి. తర్వాత జాతీయ జట్టు స్థాయి వాళ్లు. చివరికి రిజర్వ్ కుర్రాళ్లు పదకొండు మందిలోకి వస్తారు. 2023-24లో సరిగ్గా ఇదే వరస. మార్కెజ్ గోవాకి వెళ్లిపోయాడు, జీతాల బకాయిలు బయటపడ్డాయి, ఫిఫా కొత్త ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. జనవరిలో చింగ్లెన్‌సానా సింగ్, నిఖిల్ పూజారి లాంటివాళ్లు సర్దుకున్నారు. విదేశీయుల్లో మిగిలింది జోవా విక్టర్ ఒక్కడే. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, అయిదు డ్రాలు, 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపూ చెన్నైలో. కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టోని తిట్టడం కన్నా, ఆ అయిదు డ్రాలు ఎలా సాధించాడా అని అడగడం న్యాయం.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. కానీ అప్పటికే సీజన్ గుమ్మంలో ఉంది. మిగతా జట్లు ప్రీ-సీజన్ శిబిరాలు ముగించుకుంటున్న సమయంలో ఇక్కడ ఆటగాళ్లని వెతికారు. ఆరేడు వారాల సన్నాహం లేని జట్టు మొదటి పది మ్యాచ్‌ల్లో దొరికిపోతుంది. డిసెంబరులో సింగ్టో వెళ్లిపోయాడు, షమీల్ చెంబకత్ బాధ్యత తీసుకున్నాడు. 13 జట్లలో 12వ స్థానం. 2025 అక్టోబరులో క్లబ్ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. భారత జట్టుని 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం దాకా నడిపించిన కోచ్ రహీం సాబ్ ఊరికి ఈ గతి పట్టడం కడుపు మండే విషయమే. ఆ మంట సరైన గుమ్మం ముందు పెట్టండి.

ప్రశ్న: మా తమ్ముడు వేరే రాష్ట్రంలో ఒక క్లబ్‌కి ఆడుతున్నాడు. మూడు నెలలుగా జీతం లేదు. కోచ్‌ని అడిగితే "ముందు ఆట మీద దృష్టి పెట్టు" అంటున్నాడట. ప్రాక్టీస్‌కి వెళ్లడం మానేయమని ఇంట్లో అందరం చెబుతున్నాం. సరేనా అండీ?
– ఒక అక్క, ఖమ్మం

జవాబు: మానేయమని మాత్రం చెప్పకండమ్మా. నోటీసు ఇవ్వకుండా ప్రాక్టీస్ మానితే ఒప్పందం ఉల్లంఘించింది మీ తమ్ముడే అని క్లబ్ తిప్పికొడుతుంది. ఇలాంటి కేసులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వివాదం తేలేదాకా రోజూ వెళ్లాలి, హాజరు రుజువు ఉంచుకోవాలి. ప్రాక్టీస్ షెడ్యూల్ మెసేజ్‌లు, బస్సు సమయాలు పెట్టిన గ్రూప్ సందేశాలు కూడా పనికొస్తాయి.

మొదటి పని కాగితాలు. ఇద్దరి సంతకాలున్న కాంట్రాక్టు ప్రతి పేజీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం గురించి క్లబ్‌తో నడిచిన మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు ఒకచోట చేర్చండి. చాలామంది కుర్రాళ్ల దగ్గర కాంట్రాక్టు కాపీయే ఉండదు. "ఆఫీసులో ఉంది, తర్వాత ఇస్తాం" అంటారు. సంతకం చేసిన రోజే కాపీ తీసుకోవాల్సింది. ఇప్పుడైనా మెయిల్‌లో అడగండి, ఇవ్వకపోతే ఆ మెయిలే సాక్ష్యం.

రెండో పని రాతపూర్వక నోటీసు. ఏ నెల, ఎంత మొత్తం, ఏ తేదీకి రావాల్సింది అన్నీ విడివిడిగా రాసి క్లబ్ అధికారిక మెయిల్‌కీ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపాలి. ఫిఫా నియమావళిలో 14 బిస్ అనే నిబంధన ప్రకారం కనీసం రెండు నెలల జీతం గడువు దాటి బాకీ ఉంటే, కనీసం 15 రోజుల గడువిస్తూ నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఆటగాడికి వస్తుంది. 15 రోజులు నిండకముందే బ్యాగ్ సర్దుకుంటే కేసు బలహీనపడుతుంది. గడువులోపు క్లబ్ సగం డబ్బు వేసి ఊరుకోవడం పాత ఎత్తు. వేసిన డబ్బు తీసుకోండి, మిగతా బాకీ అలాగే ఉందని అదే రోజు మెయిల్ పెట్టండి. ఎంత మిగిలిందో చూసుకుని, రద్దు అడుగు వేసేముందు లాయరుకి చూపించండి.

మూడో సంగతి, ఏ తలుపు తట్టాలి అన్నది. భారతీయ క్లబ్‌లో భారతీయ ఆటగాడి గొడవ మామూలుగా ఫిఫా దాకా పోదు, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్లేయర్స్ స్టేటస్ కమిటీ చూస్తుంది. కాబట్టి పైన చెప్పిన గడువులు వాడేముందు కాంట్రాక్టులోని వివాద పరిష్కారం క్లాజునీ, సమాఖ్య నియమావళినీ లాయరుతో చదివించండి. భారత ఆటగాళ్ల సంఘం ఎఫ్‌పీఏఐకి కూడా రాయండి. విదేశీ ఆటగాడైతే నేరుగా ఫిఫా ఫుట్‌బాల్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు పడాలి. తీర్పు వచ్చి, ఆటగాడు బ్యాంకు వివరాలిచ్చాక 45 రోజుల్లో క్లబ్ కట్టకపోతే కొత్తవాళ్లని రిజిస్టర్ చేసుకోవడంపై నిషేధం పడుతుంది. అది గరిష్ఠంగా వరసగా మూడు ట్రాన్స్‌ఫర్ విండోల (కొత్త ఆటగాళ్లని తీసుకోనిచ్చే కాలాల) వరకు ఉంటుంది, డబ్బు కట్టేస్తే ముందే పోతుంది. మనం పత్రికల్లో చదివే "ఫిఫా బ్యాన్" చాలాసార్లు ఇదే. క్లబ్‌ని శిక్షించడం కన్నా బాకీ రాబట్టడమే దాని పని.

ఆ కోచ్ మీద కోపం వద్దు. అతని జీతం కూడా ఆగి ఉండొచ్చు. 2021 నుంచి కోచ్‌ల కాంట్రాక్టులకీ ఫిఫా నియమావళిలో ఇలాంటి రక్షణలే ఉన్నాయి.

ప్రశ్న: మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. ఫెర్గూసన్ వెళ్లాక ఎంతమంది కోచ్‌లు మారినా అదే ఏడుపు. కోచ్ పనికిరాడని అభిమానిగా ఎప్పుడు తేల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఫలితాలు పక్కనపెట్టి పది మ్యాచ్‌ల ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్) చూడండి. ప్రతి షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని 0 నుంచి 1 మధ్య లెక్కకట్టి కూడితే వచ్చేది అది. పెనాల్టీకి సుమారు 0.78 ఇస్తారు. మన జట్టు ఎక్స్‌జీ ప్రత్యర్థి కన్నా ఎక్కువగా ఉండి కూడా ఓడుతుంటే, స్ట్రైకర్ ఫినిషింగో గోల్‌కీపరో దురదృష్టమో కారణం. అలాంటప్పుడు కోచ్‌ని తీసేయడం తొందరపాటు. రెండు పెనాల్టీలు వచ్చిన మ్యాచ్ ఉంటే మొత్తం లెక్క వంకరపోతుంది కాబట్టి పెనాల్టీలు తీసేసి చూడండి. పది మ్యాచ్‌లూ ఎక్స్‌జీలోనే వెనకబడితే అప్పుడు ఆట పద్ధతిని అనుమానించాలి. కార్నర్ల మీద తినే గోల్స్, ఆఖరి పావుగంటలో తినే గోల్స్ విడిగా లెక్కపెట్టండి. ఆ రెండూ ప్రాక్టీస్ మైదానంలో సరిదిద్దగలిగినవి, అంటే నేరుగా కోచ్ పని.

"కొత్త కోచ్ రాగానే జట్టు లేచింది" అన్న మాటని సగమే నమ్మండి. అయిదారు వరస ఓటముల తర్వాతే కోచ్‌ని తీస్తారు. అంత అడుగు నుంచి పాత కోచ్ ఉన్నా కొంత పైకి వచ్చేదే.

ఇక మీ జట్టు సంగతి. 2024 జులైలో కోచ్ టెన్ హాగ్‌కి కాంట్రాక్టు ఏడాది పొడిగించారు, ఆయన అడిగిన ఆటగాళ్లని కొన్నారు, అక్టోబరు 28న తీసేశారు. ఆయన్నీ ఆయన సిబ్బందినీ పంపడానికి ఒక కోటీ 4 లక్షల పౌండ్లు అయింది. తర్వాత పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌కి కోటీ 10 లక్షల యూరోల దాకా ఇచ్చి అమోరిమ్‌ని తెచ్చారు. ఆయన ఆట ముగ్గురు డిఫెండర్లు, ఇద్దరు వింగ్‌బ్యాక్‌లతో (మైదానం అంచుల్లో ముందుకీ వెనక్కీ పరుగెత్తేవాళ్లు). చేతిలో ఉన్నది నలుగురు డిఫెండర్ల పద్ధతికి కొన్న జట్టు. సీజన్ మధ్యలో వింగ్‌బ్యాక్‌లు ఎక్కణ్నుంచి వస్తారు? 42 పాయింట్లు, 15వ స్థానం, బిల్బావోలో టోటెన్‌హామ్ చేతిలో యూరోపా లీగ్ ఫైనల్ ఓటమి. అమోరిమ్ మొండితనం ఉంది, కాదనను. కానీ ఆ మొండితనం అందరికీ తెలిసే తెచ్చుకున్నారు. జులైలో ఒకటి, అక్టోబరులో దానికి పూర్తి విరుద్ధంగా ఇంకొకటి నిర్ణయించింది కోచ్ కాదు.

పైగా 2005లో గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్లకి క్లబ్‌ని కొన్నప్పుడు అందులో 50 కోట్లకి పైగా అప్పు, దాని భారం క్లబ్ నెత్తినే పడింది. అంతకుముందు అప్పుల్లేని క్లబ్ అది. ఏటా వడ్డీకి పోయిన డబ్బు పాతబడుతున్న ఓల్డ్ ట్రాఫోర్డ్ పైకప్పులోంచి కారే నీళ్లలో కనిపిస్తుంది.

ప్రశ్న: మ్యాచ్‌లు బహిష్కరిస్తే ఓనర్ దారికొస్తాడా?
– ఒక అభిమాన సంఘం, విశాఖపట్నం

జవాబు: క్లబ్ ఆదాయంలో గేటు డబ్బు ఎంత అన్నదాన్ని బట్టి. అప్పట్లో ఇంగ్లండ్ రెండో అంచెలో ఉన్న షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్‌లో 2025లో జీతాలు పదేపదే ఆగాయి. అక్టోబరు 22న సొంత మైదానంలో మ్యాచ్‌ని అభిమానులు బహిష్కరిస్తే దాదాపు 40 వేలమంది పట్టే స్టేడియానికి ఏడు వేల చిల్లర వచ్చారు. రెండు రోజులకే క్లబ్ దివాలా పాలనలోకి వెళ్లింది, యజమాని చాన్సిరి చేయి జారింది. బహిష్కరణ ఒక్కటే కారణం కాదు, పన్ను బాకీలూ మెడ మీదున్నాయి. కానీ టికెట్ డబ్బు లేకపోతే రోజు గడవని క్లబ్ అది. దానికి శిక్షగా 12 పాయింట్లు కోత పడ్డాయని మర్చిపోకండి, దెబ్బ జట్టుకీ తగులుతుంది.

మన దగ్గర టికెట్ డబ్బు ఖర్చులో చిన్న ముక్క. ఖాళీ కుర్చీలు చూపించి "ఈ ఊళ్లో ఆదరణ లేదు" అని మూట కట్టేయడానికి ఓనర్‌కి మీరే సాకు ఇచ్చినట్టవుతుంది. ఇక్కడ పనిచేసేది స్టేడియంలో ఉండి చేసేదే. జర్మనీలో 2024 ఫిబ్రవరిలో లీగ్ మీడియా హక్కుల్లో బయటి పెట్టుబడిదారుకి వాటా ఇవ్వబోతే అభిమానులు స్టాండ్స్ నుంచి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు. మ్యాచ్‌లు పదేపదే ఆగేసరికి లీగ్ ఆ ఒప్పందాన్ని వదులుకుంది. బంతులు విసరమని చెప్పడం లేదు, మన దగ్గర పోలీసు కేసవుతుంది. 12వ నిమిషం దాకా నిశ్శబ్దం, కెమెరాకి ఎదురుగా ఉండే స్టాండ్‌లో ఒకే వాక్యం ఉన్న బ్యానర్, జెర్సీ మీద పేరున్న స్పాన్సర్‌కి సంతకాలతో ఉత్తరం. బ్యానర్ మీద "ఓనర్ డౌన్ డౌన్" కన్నా "ఫలానా నెల జీతాలు ఎప్పుడు?" అని రాయండి. దానికి జవాబు చెప్పి తీరాలి.

ప్రశ్న: క్లబ్ వెళ్లిపోయింది. మనమే ఒకటి పెట్టుకోలేమా?
– కొందరు పాత సీజన్ టికెట్‌దారులు, సికింద్రాబాద్

జవాబు: పెట్టుకోవచ్చు, ఐఎస్‌ఎల్‌ని మాత్రం మర్చిపోండి. 2002లో లండన్‌లోని వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతి వస్తే అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టారు. ఊరి పచ్చికలో సెలక్షన్లు పెట్టి, తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌కి చేరారు. 2020లో పాత పేట ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియం. క్లబ్ ఇప్పటికీ అభిమానుల ట్రస్టు చేతిలోనే ఉంది.

ఇక్కడ సొసైటీ రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. నిబంధనావళిలో మనిషికి ఒకే ఓటు, ఎంత చందా ఇచ్చినా సరే, అని మొదటే రాసుకోండి. పెద్ద దాత వచ్చాక రాయబోతే రాయనివ్వడు. తర్వాత జిల్లా సంఘం ద్వారా స్థానిక లీగ్‌లో ప్రవేశం. మొదటి ఏడాది ఖర్చు మైదానం అద్దె, రెండు సెట్ల జెర్సీలు, బంతులు, ఫిజియో, ప్రయాణం, ఇంతే. ఆటగాళ్లకి నెల జీతం మాట ఇవ్వకండి, మ్యాచ్ భత్యం ఇవ్వండి, ఇచ్చేది అదే రోజు ఇవ్వండి. మైదానం కోసం మాత్రం రెండు చోట్ల అడిగి పెట్టుకోండి. లీగ్ మధ్యలో క్రికెట్ టోర్నమెంట్ వాళ్లు బుక్ చేసుకుంటే మీ సొంత మ్యాచ్ ఆడటానికి చోటుండదు.