బాబు మోచేతి నొప్పి గురించి

అన్నా, బేస్‌బాల్ ఆడే మీ పదమూడేళ్ల బాబుకు బంతి విసిరినప్పుడల్లా మోచేయి లోపలివైపు నొప్పి వస్తోందని రాశారు. ముందు విసరడం పూర్తిగా ఆపించండి. ఈ వయసులో అక్కడ ఎముక ఎదిగే చోటు ఇంకా గట్టిపడదు, లాగుడంతా దానిమీదే పడుతుంది. పుత్తూరు కట్టు మీద నమ్మకం మాకూ ఉంది, కానీ ముందు ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి. తిరుపతిలో మా వాడు నొప్పి దాచిపెట్టి ఆడాడు. ఒకరోజు అన్నం ముద్ద ఎత్తలేక ఎడమచేత్తో తినబోయాడు, అప్పుడుగానీ మాకు తెలియలేదు.

డాక్టరు సరే అన్నాక కూడా దగ్గర నుంచి మెల్లగా విసిరించండి. అమెరికాలో 13–14 ఏళ్లవాళ్లకు రోజుకు 95 పిచ్‌లు, అంటే బ్యాటరుకు విసిరే బంతులు, హద్దు. 66 గానీ అంతకుమించి గానీ వేస్తే 4 రోజులు విశ్రాంతి. కోచ్ లెక్కపెట్టకపోతే మీరే నోటుబుక్కులో రాసుకోండి. నొప్పి మాత్ర వేసి మాత్రం ఆడించొద్దు.